లెక్కల కన్నా ముందు సభ్యుల పట్టిక అడగండి

(ఈసారి మా శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో క్రైస్తవ సంఘాల (చర్చిల) పరిపాలన గురించినవే ఎక్కువ. సహకార శాఖలో ఆడిటర్‌గా పనిచేసి రిటైరై, తమ సంఘంలో కోశాధికారి బాధ్యత కూడా చూసిన శీర్షిక నిర్వాహకురాలు వాటిలో కొన్నింటికి జవాబిస్తున్నారు. రాసినవారి పేర్లు, సంఘాల పేర్లు తీసేశాం.)

ప్రశ్న: మేడమ్ గారూ, మాది తెనాలి దగ్గర పల్లె. మా అయ్యగారు (పాస్టరు గారు) పూరిపాకలో మొదలుపెట్టిన, ఏ పెద్ద చర్చికీ చెందని స్వతంత్ర సంఘం ఇప్పుడు స్లాబు మందిరమైంది. పక్కన ఇంకో స్థలం కొనాలని నెలనెలా ప్రత్యేక కానుక పట్టారు. నేను మినుము కోతల కూలిలోంచి, చీటీ పాడిన డబ్బులోంచి ఇచ్చాను. స్థలం కొన్నారట. ఎవరి పేరు మీద రాయించారని స్త్రీల కూడికలో అడిగాను. "అభిషిక్తుల మీద నోరెత్తితే ఏమవుతుందో మిర్యామును చూసి నేర్చుకో" అన్నారు అమ్మగారు (పాస్టరు గారి భార్య). మా ఆయనేమో "రేపు పిల్ల పెళ్ళికి అయ్యగారే కదా రావాలి, ఊరుకో" అంటున్నాడు. నేనడిగింది పాపమా?

జవాబు: పాపం కాదమ్మా. మోషే అక్క మిర్యాముకు కుష్ఠు వచ్చిన మాట నిజమే, కానీ ఆమె మాట్లాడింది మోషే పెళ్ళాడిన కూషుదేశపు స్త్రీ గురించి. కానుకల గురించి కాదు. కానుకల సంగతికొస్తే, మోషే ఎవరూ అడగకముందే లెక్క రాయించాడు. నిర్గమకాండం 38వ అధ్యాయం తీయండి. ప్రత్యక్ష గుడారానికి (ఇశ్రాయేలీయుల ఆరాధన డేరాకు) వచ్చిన బంగారం ఎంత, వెండి ఎంత, ఇత్తడి ఎంత, ఏ వెండి దిమ్మలకు పోయింది, మిగిలిన కాస్త వెండి స్తంభాల వంకులకు ఎలా సరిపోయింది, ఈ లెక్క ఎవరి చేతి మీద జరిగింది, అన్నీ ఉన్నాయి. ఈతామారు అనే యాజకుడి అజమాయిషీలో రాశారు. ప్రసంగానికి పనికిరాదని చాలామంది ఆ అధ్యాయాన్ని దాటేస్తారు. పరపతి సంఘాల చిట్టాలు తిరగేస్తూ ఉద్యోగం చేసిన నాకు మాత్రం అదంటే ప్రాణం.

ఇక స్థలం. అది ఎవరి పేరు మీద ఉందో తెలుసుకోవడానికి అయ్యగారి అనుమతి అక్కర్లేదు. సర్వే నంబరు గానీ, హద్దులు గానీ, అమ్మినవారి పేరు గానీ తెలిస్తే ఇ.సి. (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. కొన్నవారి పేరు, దస్తావేజు నంబరు అందులో వస్తాయి. ఆ నంబరు పట్టుకుని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు నకలుకు దరఖాస్తు పెట్టండి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజుల పుస్తకం రుసుము కట్టిన ఎవరికైనా చూపించాల్సిందే. ఎందుకు చూస్తున్నావని అడిగే అధికారం వాళ్ళకు లేదు.

నకలు చేతికొచ్చాక కొనుగోలుదారు పేరున్న చోట ఆగి చదవండి. "ఫలానా సొసైటీ, తరఫున అధ్యక్షులు" అని ఉంటే సగం బరువు దిగినట్టే. అలాకాక అయ్యగారి పేరు, తండ్రి పేరు, వయసు మాత్రమే ఉంటే, కాగితం ప్రకారం అది ఆయన సొంత ఆస్తి. మీరిచ్చిన కానుకలతో కొన్నదని కోర్టులో రుజువు చేసుకోవచ్చు కానీ ఆ భారం మీ మీద పడుతుంది. ఆయన నిజాయితీపరుడే అనుకుందాం. ఆయన తర్వాత వచ్చే కొడుకు, కోడలు, అల్లుడి మాటేమిటి? మన జిల్లాల్లో స్వతంత్ర సంఘాలు చీలిపోయేది పాస్టరు గారు బతికుండగా కాదు, ఆయన సమాధి మీద సిమెంటు ఆరకముందు.

సొసైటీ పేరు మీదే ఉన్నా, అసలు కిటుకు ఇంకొకటుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇలాంటి సంఘాలు ఎక్కువగా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతాయి. ఏడుగురు చాలు. అయ్యగారు, అమ్మగారు, పెద్దబ్బాయి, బావమరిది, ఇంకో ముగ్గురు నమ్మకస్తులు సంతకాలు పెడితే సొసైటీ అయిపోతుంది. ఆదివారం మందిరంలో మూడొందల మంది కూర్చున్నా చట్టం లెక్కలో ఆ సొసైటీకి సభ్యులు ఏడుగురే! మీరు విశ్వాసి, సహోదరి, దశమభాగం ఇచ్చే మనిషి. సభ్యురాలు మాత్రం కాదు. సర్వసభ్య సమావేశానికి పిలవాల్సింది, ఆడిట్ అయిన లెక్కలు ముందు పెట్టాల్సింది సభ్యులకే. కాబట్టి "లెక్క చూపించండి" అనే ముందు "సభ్యుల పట్టిక చూపించండి, అందులో నా పేరుందా?" అని అడగండి. లేకపోతే, చేర్చుకోమని కాగితం మీద రాసివ్వండి. సొసైటీ నిబంధనలు, ఏటా దాఖలు చేయాల్సిన కమిటీ జాబితా జిల్లా రిజిస్ట్రార్ దగ్గర ఉంటాయి. నకళ్ళు అక్కడ తీసుకోవచ్చు. ఇవ్వడానికి నసిగితే సమాచార హక్కు దరఖాస్తు రిజిస్ట్రార్ ఆఫీసుకే పెట్టండి. సంఘానికి పెడితే లాభం లేదు, అది ప్రభుత్వ సంస్థ కాదు.

ఒంటరిగా వెళ్ళొద్దు. మీలాగే ఇచ్చిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళను కలుపుకుని సంతకాలతో ఉత్తరం రాయండి. అందులో ప్రశ్నలే ఉండాలి: స్థలం ఎవరి పేరున ఉంది, ఎంతకు కొన్నారు, ఎంత వసూలైంది. "ఇంత తిన్నారు" అనే వాక్యం మాత్రం రాయకండి, వాట్సప్ గ్రూపులో అసలే వద్దు. పరువు నష్టం ఇప్పటికీ నేరమే. కొత్త న్యాయసంహితలో 356వ సెక్షన్. అడిగినవాళ్ళ మీద కేసు పెట్టి, అసలు ప్రశ్నను పక్కకు నెట్టడం నేను చూశాను.

మీ ఆయన భయానికి కూడా జవాబుంది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద పెళ్ళి చేసే అధికారం మీ అయ్యగారొక్కరికే రాసివ్వలేదు. పక్క ఊళ్ళో లైసెన్సున్న పాస్టరు గారు చేసినా ఆ పెళ్ళి అంతే చెల్లుతుంది. (మీ అయ్యగారికి లైసెన్సు ఉందో లేదో కూడా ఈ వంకన కనుక్కోండి. చాలామందికి ఉండదు.)

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. పట్టణంలో మాది సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. పాస్టరేట్ కమిటీ (స్థానిక సంఘాన్ని నడిపే కమిటీ) గడువు ముగిసి చాలా కాలమైనా ఎన్నికలు పెట్టడం లేదు. మందిరం ముందు షాపుల అద్దెల లెక్క అడిగాను. ఆ తర్వాతి సంస్కారపు ఆరాధనలో (రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధనలో) బల్ల దగ్గర మోకరిస్తే నన్ను దాటుకుని వెళ్ళిపోయారు. కోర్టుకు వెళ్ళమంటారా?

జవాబు: అందరి ముందూ బల్ల దగ్గర దాటేసి వెళ్ళడం ఎంత కోతో నాకు తెలుసు మాస్టారూ. మన పెద్దవాళ్ళు ఊరు వెలివేస్తే తట్టుకున్నారు కానీ బల్ల ఆపితే మంచం పట్టేవారు. అందుకే దాన్ని లెక్క అడిగినవాడి నోరు మూయించడానికి వాడటం నాకు మిగతా అన్నిటికంటే పెద్ద తప్పుగా కనిపిస్తుంది. ఏ నేరారోపణ మీద, ఎవరి ఉత్తర్వుతో బల్ల ఆపారో రాతపూర్వకంగా చెప్పమని బిషప్‌ గారికి రిజిస్టర్డ్ పోస్టులో, రశీదు తిరిగొచ్చేలా రాయండి. క్రమశిక్షణకు ఒక పద్ధతంటూ ఉంటుంది. గురువుగారి కోపం పద్ధతి కాదు.

మీకున్న బలం పై ఉత్తరం రాసిన చెల్లెలికి లేదు. సి.ఎస్.ఐ.కి రాసిపెట్టిన రాజ్యాంగం ఉంది, డయాసిస్ (ఒక బిషప్ గారి పరిధి) నిబంధనలున్నాయి, సంస్కారం తీసుకునే సభ్యుల పట్టిక ఉంది. ఆస్తులు స్థానిక గురువు పేరు మీద ఉండవు. వేర్వేరు సంఘాలు కలిసి సి.ఎస్.ఐ.గా ఏర్పడటం 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రల్‌లో జరిగితే, ఆస్తుల కోసం పెట్టిన ట్రస్ట్ అసోసియేషన్ అంతకు ముందు రోజే కంపెనీగా రిజిస్టరైంది. ఆస్తికి మనవాళ్ళిచ్చే ప్రాముఖ్యం తేదీల్లోనే ఉంది చూడండి! ఎగతాళికి అన్నాను కానీ నిజానికది మంచి ఏర్పాటే. మీ ఊళ్ళో షాపులు అద్దెకిచ్చిన మనిషి ఆ కంపెనీ ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ మీదే ఇచ్చుండాలి. అది చూపించమనండి.

ఇంకో మాట, ఆడిటర్‌గా చెబుతున్నాను. మీరు అద్దెల లెక్క అడిగారు. అద్దె పుస్తకం ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది. అడ్వాన్సులు చూడండి. మెయిన్ రోడ్డు షాపుకు కాగితం మీద అద్దె తక్కువ రాసి, అడ్వాన్సో, గుడ్‌విల్లో పెద్ద మొత్తంలో నగదుగా పుచ్చుకోవడం మన పట్టణాల్లో అన్ని కాంప్లెక్సులకూ ఉన్న జబ్బే. షాపువాళ్ళతో టీ తాగుతూ మాట్లాడితే గంటలో తేలిపోతుంది. ఆ మొత్తం బ్యాంకు ఖాతాలో కనిపించకపోతే మీ ప్రశ్న అక్కడ మొదలవ్వాలి. లీజు గడువు ఎంత, పాతది ముగిశాక కొత్తది ఏ తీర్మానంతో ఇచ్చారు, ఆ తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఏ పేజీలో ఉంది, ఇవీ అడగండి. పేజీ నంబరుతో అడిగేవాడిని "తిరుగుబాటుదారుడు" అనడం కష్టం.

కోర్టు సంగతి. కోర్టులు మత విశ్వాసం జోలికి రాకపోయినా ఆస్తి, పదవి, ఎన్నికల తగాదాలు వింటాయి. కేరళ మలంకర సంఘంలో రెండు వర్గాలు తరతరాలుగా కొట్టుకున్నాక సుప్రీంకోర్టు 1995లోనూ, 2017లోనూ చూసింది ప్రధానంగా ఒక్కటే: 1934 నాటి సంఘ నిబంధనావళి ఏం చెబుతోంది అని. మన సి.ఎస్.ఐ. సినడ్ (అన్ని డయాసిస్‌ల మీది పాలక సభ) ఎన్నికల తగాదాలోనూ 2024 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు పరిపాలన చూడటానికి ఇద్దరు రిటైర్డ్ న్యాయమూర్తులను నియమించింది, వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. కాబట్టి కోర్టులో నిలబడలేరని కాదు. కానీ రెండు వైపులా వకీళ్ళ ఫీజులు చివరికి ఒకే కానుకల సంచిలోంచి వెళతాయి. పైగా నిబంధనావళిలో చెప్పిన అప్పీళ్ళు తొక్కకుండా వెళితే మొదటి వాయిదాలోనే ఆ ప్రశ్న వేస్తారు. ముందు బిషప్‌, తర్వాత డయాసిస్ కార్యవర్గం, ఆపైన కోర్టు. ప్రతి మెట్టు దగ్గరా కాగితం ఉండాలి.

ప్రశ్న: నేను ఎస్సీ కోటాలో ఉద్యోగం చేస్తున్నాను. సర్టిఫికెట్లో హిందూ అని ఉంది. ప్రతి ఆదివారం మందిరానికి వెళతాను, కానుక ఇస్తాను. సంఘం పుస్తకంలో నా పేరు రాయవద్దని నాన్నగారు ముందే చెప్పారు. ఇప్పుడు మా పాస్టరు గారి కారు గురించి అందరికీ అనుమానాలున్నాయి. అడగాలంటే భయం. ఏం చేయాలి?

జవాబు: బాబూ, మన సంఘాల్లో జవాబుదారీతనం లేకపోవడానికి అసలు కారణం నీ ఉత్తరంలో ఉంది. ఎవరూ బహిరంగంగా చెప్పరు.

1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మూడో పేరా ఉంది. అది ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరా తీసేయమంది, తీయలేదు. ఈ సంగతి చూడటానికి 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. మతం మారిన ఎస్సీలకు మన దగ్గర మిగిలింది బీసీ-సి, ఒక శాతం రిజర్వేషన్. మారిన మనిషిని ఊరు మాత్రం పాత పేటలోనే ఉంచింది. బావి దగ్గర, పెళ్ళి సంబంధాల దగ్గర, కూలి దగ్గర ఏమీ మారలేదు. ఇది అన్యాయమని నేను నమ్ముతాను.

కానీ దీని మూలంగా సంఘంలో జరిగిందేమిటో చూడు. మందిరం నిండా జనం, పుస్తకం నిండా ఖాళీ. చదువుకున్నవాళ్ళు, లెక్కలు వచ్చినవాళ్ళు, బ్యాంకుల్లో, ట్రెజరీల్లో పనిచేసేవాళ్ళు పట్టికలో ఉండరు. కమిటీకి నిలబడరు, ఓటెయ్యరు, తీర్మానం మీద సంతకం పెట్టరు. మిగిలేది ముసలివాళ్ళు, ఆడకూలీలు, పాస్టరు గారి బంధువులు. ఎవరి చేతుల్లో అధికారం పోగుపడుతుందో వేరే చెప్పాలా? ఈ సంగతి తెలిసిన పెద్దలు కొందరు దాన్ని వాడుకుంటారు కూడా. "నీ సర్టిఫికెట్ సంగతి మాకు తెలియదనుకున్నావా" అని ఒక్క మాట అంటే చాలు, అడిగేవాడు కూర్చుంటాడు. నీ భయం ఇదే అని నా ఊహ.

దొంగచాటుగా ఎలా నెగ్గాలో నేను చెప్పను. సభ్యుడిగా హక్కు కావాలంటే సభ్యుడిగా పేరుండాలి. ఉంటే సర్టిఫికెట్ ప్రశ్న వస్తుంది, ఉద్యోగానికి ముప్పు నిజమైనదే. వకీలును కలవకుండా ఆ అడుగు వేయకు. ఈలోపు నువ్వు చేయగలిగింది చిన్నదే అయినా పనికొస్తుంది. నగదు ఇవ్వడం మానెయ్. సంఘం పేరున్న బ్యాంకు ఖాతాకే పంపు, రశీదు తీసుకో. సంఘం పేరుతో ఖాతా లేకపోతే అదే నీకు జవాబు. మీ అమ్మో, అత్తో పట్టికలో ఉండే ఉంటారు. ఏం అడగాలో వాళ్ళకు రాసిపెట్టు. నీకు ఇంగ్లీషు, లెక్కలు వచ్చు కదా. మన సంఘాలను పిడికెడు బియ్యంతో నిలబెట్టింది ఆ ఆడవాళ్ళే. అడిగే హక్కు వాళ్ళకు అందరికంటే ఎక్కువ.

కారు గురించి మాత్రం ఎత్తకు. కారు అప్పు మీద వచ్చిందో, మామగారు కొనిచ్చారో. మనిషి విలాసం మీద మొదలైన గొడవ మనిషి మీదే ముగుస్తుంది, పుస్తకం దాకా రాదు.

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటాం. మా అమ్మావాళ్ళ ఊళ్ళో సంఘానికి ప్రతి క్రిస్మస్‌కు డబ్బు పంపుతాం. ఈసారి పాస్టరు గారు సొంత ఖాతాకు పంపమన్నారు. పంపవచ్చా?

జవాబు: వద్దు. మీ చేతిలో ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, మీ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా సంఘం ఖాతాకు పంపినది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, ఓ.సి.ఐ. (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే) కార్డున్నా సరే, అది విదేశీ విరాళమే. అప్పుడా సంఘానికి ఎఫ్.సి.ఆర్.ఎ. (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో ఉండాలి, డబ్బు ముందుగా ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో వాళ్ళు తెరిచిన ప్రత్యేక ఖాతాలోనే పడాలి. ఏటా హోంశాఖకు లెక్క దాఖలు చేయాలి. అది లేకనే సొంత ఖాతా అడిగి ఉంటారు. ఆయన పేరుతో పంపి సంఘం పనికి వాడమంటే మీరు ఆయన్ను చిక్కుల్లోకి నెడుతున్నట్టు. మీ అమ్మగారికి పంపండి, ఇవ్వాలో లేదో ఆవిడ చూసుకుంటారు. అక్కడి సంగతులు మీకన్నా ఆవిడకే బాగా తెలుసు.

ప్రశ్న: నేను పాస్టర్ని. మీలాంటివాళ్ళు రాసే రాతల వల్లే విశ్వాసులు దైవసేవకులను దొంగల్లా చూస్తున్నారు. 2 రాజులు 12:15 చదవండి. పనివారు నమ్మకస్తులు గనుక వారిని లెక్క అడగలేదని స్పష్టంగా ఉంది. నాకు జీతమంటూ లేదు, కానుకల్లోంచే ఇల్లు గడవాలి. ఇద్దరు పిల్లల ఫీజులు. ఏది సంఘానిది, ఏది నాది అని ఎలా విడదీయను?

జవాబు: అయ్యగారూ, ఉత్తరం రాసినందుకు సంతోషం. ఆ వచనం నాకు తెలుసు. దానికి పైనున్న వచనాలు కూడా చదువుదాం. మందిరానికి వచ్చే డబ్బు తీసుకుని దాన్ని బాగుచేయమని యోవాషు రాజు యాజకులకు చెప్పాడు. ఆయన ఏలుబడిలో 23వ సంవత్సరం వచ్చినా ఒక్క బీట పూడ్చలేదు. రాజు యాజకులను పిలిచి అడిగాడు. ఇకమీదట డబ్బు మీరు తీసుకోవద్దన్నాడు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జం పెట్టి, బలిపీఠం పక్కన ఉంచాడు. అది నిండినప్పుడు రాజుగారి లేఖకుడు, ప్రధాన యాజకుడు, ఇద్దరూ కలిసి లెక్కపెట్టి సంచుల్లో కట్టారు. ఆ తర్వాతే అది పని చేయించేవాళ్ళ చేతికి వెళ్ళింది. లెక్క అడగనిది ఆ వడ్రంగుల, తాపీపనివాళ్ళ మీది పెద్దలను. యాజకులను అడిగారు, వాళ్ళ చేతిలోంచి పెట్టె తీసేశారు కూడా.

కానీ మీ రెండో మాట నిజం, దానికి తప్పు మీది కాదు. జీతం నిర్ణయించకుండా "దేవుడు పోషిస్తాడు" అని చేతులు దులుపుకున్న సంఘం పాస్టరు గారిని కానుకల పెట్టె మీద బతకమని తోసినట్టే. పాల సంఘంలో సెక్రటరీకి జీతం రాయకుండా, పాలు అమ్మిన డబ్బులోంచి వాడుకోమంటే ఏమవుతుందో ఆడిటర్‌ని కాబట్టి నాకు తెలుసు. ఎంత మంచివాడైనా రెండేళ్ళలో తన లెక్క తనకే అర్థం కాదు.

కాబట్టి మీరే అడగండి. వచ్చే కమిటీ సమావేశంలో మీ నెల జీతం ఇంత, పిల్లల చదువుకు ఇంత, పెట్రోలుకు ఇంత అని తీర్మానం రాయించండి. మీరు ఆ చర్చ జరిగేటప్పుడు బయటికెళ్ళి కూర్చోండి. ఆదివారం కానుకలు ఇద్దరు లెక్కపెట్టాలి, వాళ్ళలో ఒకరు స్త్రీ అయితే మంచిది, ఇద్దరిదీ ఒకే కుటుంబం కాకూడదు. మొత్తం అక్కడే బోర్డు మీద రాయాలి, సోమవారం బ్యాంకులో వేయాలి. చెక్కు మీద రెండు సంతకాలు, అందులో మీది లేకపోతే మరీ మంచిది. ఎవరైనా ప్రార్థన చేయించుకుని మీ చేతిలో పెట్టే కవరు మీది. కవరు మీద "సంఘానికి" అని ఉంటే సంఘానిది. ఏమీ రాయకపోతే అక్కడే, ఇచ్చినవారినే అడగండి.

మీరడిగిన జీతానికి కమిటీ ఒప్పుకోలేదనో, అసలు తీర్మానమే రాయలేదనో అయితే, వాళ్ళు ఏమన్నారో నాకు మళ్ళీ రాయండి. ఈసారి కమిటీవాళ్ళకు జవాబిస్తాను.